స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో తమ్ముడికి మళ్లీ నడక వస్తుందా?

ప్రశ్న:
మా తమ్ముడికి 24 ఏళ్లు. బైక్ మీంచి పడి డీ10 దగ్గర, అంటే వీపు భాగంలోని పదో వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. ఐదు నెలలైనా నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. రిపోర్టులో గ్రేడ్ ఏ అని రాశారు, అంటే దెబ్బ తగిలిన చోటికి కింద స్పర్శ, కదలిక పూర్తిగా పోయినట్టట. ఒక సెంటర్‌వాళ్లు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, స్టెమ్‌సెల్స్ వేరుచేసి వెన్నులోకి ఎక్కిస్తామంటున్నారు. మూడు డోసులట. శుక్రవారంలోగా అడ్వాన్స్ కట్టాలట. అప్పు చేసైనా కడదామంటున్నారు నాన్న. ఎవరైనా చేయించుకున్నారా?

జవాబు:
నేను చేయించుకున్నానమ్మా. నాదీ గ్రేడ్ ఏనే, తొమ్మిదేళ్లుగా వీల్‌చైర్. మొదటి డోసు తర్వాత మూడో రాత్రి నా కుడికాలి బొటనవేలు టపటపా కొట్టుకుంది. అమ్మ వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. పొద్దున ఫిజియో వచ్చి, "ఏదీ, వేలు పైకెత్తండి" అంది. ఎత్తలేకపోయాను. మనం అనుకున్నప్పుడు కదిలితేనే కదలిక, దానంతటది కొట్టుకుంటే స్పాజం అని చెప్పింది. మూడు డోసులూ అయ్యాక పరీక్ష చేస్తే మళ్లీ గ్రేడ్ ఏనే. అమ్మ ఆ వీడియో ఇప్పటికీ తీసెయ్యలేదు.

అలాగని పరిశోధనంతా అబద్ధం అనను. జపాన్‌లో కేయో యూనివర్సిటీ నలుగురికి ఐపీఎస్ కణాల (మామూలు కణాలను ల్యాబ్‌లో స్టెమ్‌సెల్స్‌లా మార్చినవి) నుంచి తయారుచేసిన కణాలు ఎక్కించి, 2025 మార్చిలో ఫలితాలు చెప్పింది. ఒకాయన ఆసరా లేకుండా నిలబడ్డాడు. ఇంకొకాయనకు కాళ్లూ చేతులూ కొంత కదిలాయి. మిగతా ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. ఆ కణాలు ఇచ్చింది గాయమైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య. నెలలు గడిస్తే నరాలు దెబ్బతిన్నచోట మచ్చ కట్టేస్తుంది, పని కష్టమవుతుంది. ఇంకో సంగతి, తొలి నెలల్లో ఏ ఇంజెక్షన్ లేకుండానే కొందరు కొంత కోలుకుంటారు. ఇంజెక్షన్ తీసుకోని వాళ్లతో పోల్చకపోతే మెరుగు దేనివల్లో తేలదు. సొంత మూలుగ కణాల చికిత్సకు జపాన్ 2018లో షరతులతో అనుమతిస్తే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పింది అందుకే.

మరో జవాబు:
నేను ఫిజియోనండీ. "పనిచెయ్యకపోయినా నష్టం లేదుగా" అని మాత్రం అనుకోకండి. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలు వెన్నులో పెట్టించుకున్న ఒకావిడకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ తేలింది. ఆ సెంటర్‌ని ట్రయల్ (కొత్త చికిత్సను మనుషుల మీద పరీక్షించే అధ్యయనం) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. నిజమైన ట్రయల్ అయితే అడ్వాన్స్‌కి గడువు పెట్టి తొందరపెట్టరు.

అడిగినవారు:
నాన్నకి అంతా చదివి వినిపించాను. ఏమీ అనకుండా తమ్ముడి పక్కన కూర్చున్నారు. ఇందాక ఒళ్లు తుడుస్తుంటే వాడి తోకెముక దగ్గర ఎర్రమచ్చ కనిపించింది. వాడికి నొప్పి తెలియదు కదా, భయమేస్తోంది.

ఫిజియో:
వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలవుతున్నట్టే. ఆ చోట రుద్దకండి. ఈ రాత్రి వెల్లకిలా పడుకోబెట్టొద్దు, రెండు గంటలకోసారి పక్క మార్చండి. పొద్దున్నే డాక్టర్‌కి చూపించండి, శుక్రవారం సంగతి తర్వాత చూద్దాం.