పాత స్పోర్ట్స్ కారులో గేర్లు సరిగా పడటం లేదు: లోపం క్లచ్‌లోనా, గేర్‌బాక్స్‌లోనా?

ప్రశ్న:
నా దగ్గర 1991లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజన్ ముందు ఉంటుంది, వెనుక చక్రాలు నడుస్తాయి. ఐదు గేర్ల మాన్యువల్ బాక్స్, హైడ్రాలిక్ క్లచ్ (పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా చేరవేసేది). కొన్ని నెలలుగా ఉదయం బండి తీయగానే రెండో గేరు మొరాయిస్తోంది, బలవంతంగా వేస్తే గరగరమంటోంది. పది నిమిషాలు నడిపాక ఆ ఇబ్బంది పోతుంది గానీ, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ బండి బాగా వేడెక్కాక మరొకటి మొదలవుతుంది: ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు పడదు, రివర్స్ వేయబోతే పళ్లు నూరినట్టు చప్పుడు వస్తుంది. ఇంజన్ ఆపితే మాత్రం అన్ని గేర్లూ చిటికెన వేలితో వేసినంత సులువుగా పడుతున్నాయి. గేర్‌బాక్స్ దించి సింక్రో రింగులన్నీ (గేరు పడేముందు వేగాలను సమం చేసే రింగులు) మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. అంత పనికి ఒప్పుకునే ముందు నేను స్వయంగా చేసి చూడగల పరీక్షలు ఏమైనా ఉన్నాయా? బాక్సులో ప్రస్తుతం ఏ ఆయిల్ ఉందో నాకు తెలియదు.

మొదటి జవాబు:
మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉందండీ. ఒక ఇబ్బంది వేడెక్కితే తగ్గుతోంది, రెండోది వేడెక్కితే పెరుగుతోంది. కాబట్టి ఈ రెండింటికీ మూలం ఒకటే అని నేను అనుకోను. ఇంజన్ ఆపితే సులువుగా పడుతున్న గేర్లు ఇంజన్ నడుస్తుండగా పడటం లేదంటే, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరిగే చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, పూర్తిగా వదలడం లేదని ముందుగా అనుమానించాలి.

బండి వేడిగా ఉన్నప్పుడు చదునైన ఖాళీ స్థలంలో న్యూట్రల్‌లో ఆపి, పెడల్ చివరిదాకా తొక్కి, ఐదు సెకన్లు ఆగి, ఆ తరువాత రివర్స్ వేయండి. చాలా పాత బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు కనుక క్లచ్ వదలకపోతే అది వెంటనే బయటపెట్టేస్తుంది. చప్పుడు వస్తే పెడల్‌ను వరుసగా మూడు నాలుగు సార్లు తొక్కి మళ్లీ ప్రయత్నించండి. ఈసారి నిశ్శబ్దంగా పడిందంటే హైడ్రాలిక్ లైనులో గాలి ఉండటమో, సిలిండర్ సీళ్లు అరగడమో కారణం. మరొక పరీక్ష: మొదటి గేరులో పెడల్ తొక్కిపట్టి, బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకుని ఒక నిమిషం చూడండి. బండి మెల్లగా ముందుకు జరగాలని చూస్తే, పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ ఒత్తిడిని నిలుపుకోలేకపోతోందని అనుమానించాలి.

తరువాత, ఆ ఒత్తిడితో క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ బాక్సుకు బయటివైపు ఉండే రకమైతే, దాని రబ్బరు తొడుగును కొద్దిగా వెనక్కి మడిచి చూడండి. లోపల తడిగా, నల్లటి ద్రవం కనిపిస్తే ఇక వెతకనక్కరలేదు. పొడిగా ఉంటే, ఒకరు పెడల్ తొక్కుతుండగా మీరు దాని పుష్ రాడ్ (క్లచ్ వైపు నెట్టే కడ్డీ) ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో స్కేలు పెట్టి కొలిచి, కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చుకోండి. రాడ్ పూర్తిగా కదులుతున్నా రివర్స్ గీరుతోందంటే లోపం క్లచ్‌ను విడదీసే ఫోర్క్‌లోనో, ప్లేటులోనో, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగ్‌లోనో ఉంటుంది. అప్పుడు బాక్స్ దించక తప్పదు.

రెండో జవాబు:
పై వారితో ఏకీభవిస్తూ, రెండో గేరు సంగతి చెబుతాను. సింక్రో రింగు చేసే పని గేరు కోన్‌ను ఒరుసుకుని రెండింటి వేగాన్నీ సమం చేయడం. చల్లని చిక్కటి ఆయిల్ ఆ రెండింటి మధ్య పొరలా నిలిస్తే రింగుకు పట్టు దొరకదు. ఆయిల్ పలచబడ్డాక గేరు పడుతోందంటే రింగు ఇంకా పూర్తిగా పోలేదనే అర్థం. రేపు ఉదయం డబుల్ క్లచ్ చేసి చూడండి: మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. అలా నిశ్శబ్దంగా పడితే బలహీనత సింక్రోలోనే ఉంది.

ఇత్తడి రింగులున్న పాత బాక్సులకు సాధారణంగా జీఎల్-4 తరగతి (గేర్ ఆయిల్ రకం), 75డబ్ల్యూ-90 (చిక్కదనం) ఆయిల్‌ను సూచిస్తారు. డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కోసం ఉద్దేశించిన జీఎల్-5 ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. వాటివల్ల రింగు జారిపోవచ్చు, కొన్ని రకాలు ఇత్తడిని తినేయవచ్చు కూడా. ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఆయిల్ పోసే పై ప్లగ్గు ఊడుతోందో లేదో చూసుకున్నాకే ఆయిల్ దించే కింది ప్లగ్గు విప్పండి. ఉన్న ఆయిల్ అంతా కారిపోయాక పై ప్లగ్గు బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది. (అనుభవంతో చెబుతున్నాను.) కారిన ఆయిల్‌లో సన్నటి బంగారు రంగు పొడి ఉంటే కంగారు పడవద్దు, వేళ్లకు గుచ్చుకునే ముక్కలు ఉంటే మాత్రం మీ మెకానిక్ మాట నిజమే.

మూడో జవాబు:
వీటన్నిటికంటే ముందు పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందేమో చూడండి. నవ్వకండి, అది ఒక సెంటీమీటరు మందం ఉన్నా క్లచ్ చివరి కదలిక అంతా పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మ్యాట్ నిర్దోషి. వేడిగా ఉన్నప్పుడు రివర్స్ మొదటిసారి గీరింది. పెడల్ నాలుగు సార్లు తొక్కాక చప్పుడు లేకుండా పడింది. స్లేవ్ తొడుగు మడవగానే నల్లటి ద్రవం నా మణికట్టు మీదకు కారింది. రాడ్ 8 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతోంది. కొత్త స్లేవ్ సిలిండర్, కొత్త హోస్ వేసి, డాట్ 4 అనే బ్రేకు ద్రవంతో గాలి తీశాక అదే రాడ్ 13 మిల్లీమీటర్లు కదిలింది; రివర్స్, మొదటి గేరు ఇప్పుడు ట్రాఫిక్‌లోనూ పడుతున్నాయి. గేర్ ఆయిల్ కూడా మార్చాను, అందులో పొడి తప్ప ముక్కలు లేవు. రెండో గేరు ఉదయం మొదటి రెండు మూడు సార్లు ఇంకా కొంచెం బిగువుగానే ఉంది, డబుల్ క్లచ్ చేస్తే పడుతోంది. బాక్స్ దించే పనిని ప్రస్తుతానికి వాయిదా వేశాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మంచి నిర్ణయం. అయితే మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుదై ఉంటుంది. స్లేవ్ కొత్తదైనప్పుడు పాత మాస్టర్ కొన్నాళ్లకే కారడం నేను చూశాను, కనుక పెడల్ పైభాగాన రాడ్ దగ్గర తడి కనిపిస్తోందేమో వారానికొకసారి వేలితో తడిమి చూస్తూ ఉండండి.