19 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌కి నడుము గాయం: యాక్షన్ మార్చాలా?

మా తమ్ముడికి 19 ఏళ్లు, ఫాస్ట్ బౌలర్. మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, నడుము దగ్గర వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని చీలిక) అని స్కాన్‌లో తేలింది. డాక్టర్ విశ్రాంతి అన్నారు, దాంట్లో పేచీ లేదు.

గొడవంతా యాక్షన్ (బంతి వేసే తీరు) దగ్గరే. బంతి వేసేటప్పుడు వాడి తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరుగుతాయి. ఒక కోచ్ మార్చాల్సిందే అంటారు, ఇంకొకరు మారిస్తే ఉన్న వేగం కూడా పోతుందంటారు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్ 2011లో 18 ఏళ్లకే మొదటి టెస్టు ఆడి, గాయాలతో రెండోదానికి 2017 దాకా ఆగాడని చెప్తే, "అప్పటిదాకా నన్నెవరు గుర్తుపెట్టుకుంటారక్కా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ఈ వయసులో యాక్షన్ మార్చుకున్నవాళ్లు ఉన్నారా? వేగం తిరిగి రావడానికి ఎంతకాలం పట్టింది? మళ్లీ మొదలుపెట్టినప్పుడు వారానికి ఎన్ని బంతులు వేశారు?