బ్రేక్ లింక్ నొక్కినా పోని పాత లింక్ ఎక్సెల్‌లో ఎక్కడ దాగుంటుంది?

నెలవారీ స్టాక్ ఫైళ్ల నుంచి లెక్కలు తెచ్చుకునే మాస్టర్ ఫైల్ ఇది. తెరిచి అప్‌డేట్ నొక్కితే సమ్‌ఇఫ్స్ (షరతులకు సరిపోయే అంకెలను కూడే ఫార్ములా) ఉన్న సెల్స్‌లో వాల్యూ ఎర్రర్ (#VALUE!) వచ్చేది. మూసి ఉన్న ఫైల్‌ను సమ్‌ఇఫ్స్ చదవలేదు కాబట్టి దాని బదులు సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా పెట్టాను, కుదిరింది. కాకపోతే కాలమ్ మొత్తం ఇవ్వకూడదు. 2 నుంచి 5000 వరసల వరకే ఇస్తే ఫైల్ నెమ్మదించదు.

అసలు చిక్కు వేరే. ఎప్పుడో తీసేసిన ఫైల్ పేరు ఎడిట్ లింక్స్‌లో (ఈ ఫైల్ వేరే ఏ ఫైళ్లతో ముడిపడి ఉందో చూపే జాబితా) ఇంకా కనిపిస్తోంది, తెరిచిన ప్రతిసారీ అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతోంది. ఫార్ములాలో వేరే ఫైల్ పేరు చదరపు బ్రాకెట్‌లో ఉంటుంది కాబట్టి, ఫైండ్‌లో ఆ బ్రాకెట్ ఇచ్చి వర్క్‌బుక్ అంతా ఫార్ములాల్లో వెతికాను. నేమ్ మేనేజర్ (సెల్స్‌కు పెట్టిన పేర్ల జాబితా), చార్ట్ సిరీస్‌లు కూడా చూశాను. ఎక్కడా లేదు. డేటా వ్యాలిడేషన్‌లోనో కండిషనల్ ఫార్మాటింగ్‌లోనో ఉందని గట్టి అనుమానం, కానీ షీట్లు 40 దాకా ఉన్నాయి.

ఒక్కో షీట్ తిరగేయకుండా ఆ సెల్‌ను పట్టుకునే మార్గం ఉందా? నేమ్ మేనేజర్‌కు కనిపించని హిడెన్ నేమ్స్‌ను బయటికి తెచ్చే చిన్న మాక్రో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి.