నడుస్తున్న బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వొచ్చా? (ఉదయగిరి వైపు, బండ నేల)

మెరకచేను:
3 ఎకరాల బత్తాయి, ఎనిమిదేళ్ల చెట్లు 330. బోరు 420 అడుగులు, ఆరున్నర అంగుళాలది. కేసింగ్ (బోరు పై భాగంలో దించే గొట్టం) 60 అడుగులు, ఆ కింద అంతా బండ. జలలు (నీళ్లు ఊరే నెర్రెలు) 140 అడుగుల దగ్గర ఒకటి, 310 దగ్గర ఒకటి. సంక్రాంతికి నిండుగా పోస్తుంది, మార్చి వచ్చేసరికి గంటకే నీళ్లాగి గాలి కొడుతుంది. కేసింగ్‌కు బెజ్జాలు వేసి, చుట్టూ గుంత తవ్వి రాళ్లు నింపమంటున్నారు. 120 అడుగుల అవతల ఎండిన పాత బోరు కూడా ఉంది, 350 అడుగులు, కేసింగ్ పీకలేదు. ఏది మేలు? గుంత ఎంత ఉండాలి?

పల్లపుకుంట:
నడిచే బోరు జోలికి పోవద్దన్నా. కేసింగ్ వేసేదే పై మట్టి, పై నీళ్లు లోపలికి రాకుండా. బెజ్జాలు పెట్టాక, వాటి మీద చుట్టిన జల్లెడ చినిగిందంటే బురద నేరుగా దిగి 140 అడుగుల నెర్రెలో పేరుకుంటుంది. ఫ్లషింగ్ (గాలి కొట్టి బోరు కడగడం) చేసినా అంతా రాదు. తోటలో పారిన నీళ్లలో ఎరువులు, మందులు కూడా ఉంటాయి. ఆ బోరు నీళ్లు తాగుతుంటే అసలు ఆ మాటే వద్దు.

ఎండిన బోరు వాడండి. ముందు అది నీళ్లు గుంజుతుందా చూడాలి. ఆరున్నర అంగుళాల బోరు అడుగుకు ఆరున్నర లీటర్లు పడుతుంది, అంటే మొత్తం 350 అడుగులకు దాదాపు 2,280 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ తేట నీళ్లు పోయండి. మొత్తం లాగేసిందంటే నెర్రెలు తెరిచి ఉన్నట్టే. నిండి పొంగి, గంటకు పదడుగులు కూడా దిగకపోతే దాని మీద పెట్టే డబ్బు దండగ.

ఆ పాత బోరు చుట్టూ గుంత 8×8 అడుగులు, లోతు 10. లోపల పడే కేసింగ్‌లో కింది 5 అడుగులకు మాత్రమే 8 ఎం.ఎం. బెజ్జాలు, రెండంగుళాలకొకటి. నైలాన్ జల్లెడ మూడు చుట్లు, పైన జీఐ (తుప్పు పట్టని ఇనుప) తీగ. అడుగున 4 అడుగులు తలకాయంత రాళ్లు, ఆ పైన 3 అడుగులు 40 ఎం.ఎం. కంకర, మళ్లీ జల్లెడ పరిచి 2 అడుగులు ఇసుక. ఈ రెండో జల్లెడ మానేస్తే ఇసుక కంకరలోకి జారిపోతుంది. కేసింగ్ నేల మీద 2 అడుగులు లేచి ఉండాలి, మూతకు చిన్న గాలి గొట్టం పెట్టాలి. గాలి బయటికి పోకపోతే నీళ్లు దిగవు.

గుంతకు ఎగువన 6×6×4 అడుగుల పూడిక గుంత (బురద ముందే అందులో దిగిపోవడానికి) లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఏటా సెప్టెంబరులో, మన అక్టోబరు వానల ముందు, పై రెండంగుళాల ఇసుక గీకి మార్చాలి.

కొలతబద్ద:
పైన చెప్పిన 8×8 గుంతలో రాళ్ల సందుల్లో నిలిచేది 7,000 లీటర్ల దాకా. ఎకరం మీద 50 మి.మీ. వాన పడితే 2 లక్షల లీటర్లు. గరప నేలలో ఐదో వంతు పారినా 40,000. ఇంకే వేగాన్ని మించి వచ్చిందంతా పొంగి వాగులో కలుస్తుంది. ఎండాకాలంలో పెద్ద చెట్టుకు రోజుకు సుమారు 100 లీటర్లు వేసుకుంటే మీ తోటకు 33,000. గుంత ఒకసారి నిండితే ఒక పూటకు కూడా రాదు.

అందుకే ఎగువన ఊట కుంట తీయండి. పైన 30×30, అడుగున 18×18, లోతు 6 అడుగులు అయితే లక్ష లీటర్లు పడుతుంది. అడుగున ప్లాస్టిక్ షీటు వేయొద్దు. కుంట అడుగుభాగం నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తులో పైపు పెట్టి, తేరిన నీళ్లనే గుంతకు వదలండి.

మార్చిలో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 100 సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు. గాలి కొట్టేదాకా తోడొద్దు, ముప్పావు గంట నడిపి మూడు గంటలు ఆపండి. డ్రై రన్ ప్రివెంటర్ (నీళ్లాగితే మోటారును ఆపేసే పరికరం) లేకపోతే ముందు అది పెట్టించండి. మోటారు కాలితే దాని ఖర్చు వేరే.

మెరకచేను:
పాత బోరులో పోసింది నా బోరుకే వస్తుందని ఏముంది? పక్క చేనికి పోతే?

పల్లపుకుంట:
పోవచ్చు, నెర్రె ఎటుంటే అటు. ట్యాంకర్ పోసే ముందు రాత్రి నుంచీ మీ మోటారు ఆపి, తాడుకు బరువు కట్టి మట్టం కొలవండి. పోశాక అరగంటకోసారి, నాలుగు గంటలు చూడండి. మోటారు ఆపిన బోరు తనంతట తానూ కొంత లేస్తుంది కాబట్టి, పోయకముందు గంటకు ఎంత లేస్తుందో రాసిపెట్టుకోండి. తేడా లేకపోతే పాత బోరు వదిలేసి, కుంటను మీ బోరుకు మెరక వైపు తవ్వండి.