స్ట్రెయిట్ మ్యాన్‌ని తెలుగులో ఏమందాం? "వంత" కుదురుతుందా?

ప్రశ్న:
అమెరికాలో ఒకప్పుడు నడిచిన వాడ్‌విల్ (పాటలు, ఆటలు, హాస్యం వరసగా చూపే రంగస్థల వినోదం) హాస్య జంటల్లో నవ్వించేవాణ్ణి కామిక్ అనీ, పక్కన గంభీరంగా నిలబడి ప్రశ్నలు వేసేవాణ్ణి స్ట్రెయిట్ మ్యాన్ అనీ అంటారు. మొదటివాడికి "హాస్యగాడు" సరిపోతుంది. రెండోవాడికి "వంత" అనవచ్చా? బుర్రకథలో కథకుడి పక్కన వంతలుంటారు కదా, ఆ పోలికతో.

1వ జవాబు:
వద్దండీ, బొమ్మ తలకిందులవుతుంది. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు నడుమ, గుమ్మెటలు పట్టిన వంతలు చెరో పక్క. వంతల్లో ఒకరు రాజకీయం చెబుతారు, రెండోవారు హాస్యం. అంటే నవ్వించేది వంత, కథ దారి తప్పకుండా పట్టుకునేది కథకుడు. వాడ్‌విల్ లెక్కలో స్ట్రెయిట్ మ్యాన్‌కి దగ్గరవాడు కథకుడే.
పైగా "వంత పాడటం" అంటే ఇప్పుడు అవునవునని తలూపడం. స్ట్రెయిట్ మ్యాన్ తలూపడు. అడ్డం పడతాడు, నిలదీస్తాడు, విసుక్కుంటాడు.

2వ జవాబు:
మాట వెతికే ముందు ఆ మనిషి చేసే పని చూడాలి. ఉదాహరణకి ఇది:

"నిద్ర పడుతోందా?"
"బ్రహ్మాండంగా అండి."
"ఎన్ని గంటలు?"
"ఎనిమిది."
"ఎనిమిదా! మరింకేం బాధ?"
"అంతా ఆఫీసులోనే అండి."

నవ్వు వచ్చేది చివరి మాటకి. దాన్ని నిలబెట్టింది మాత్రం "ఎనిమిదా! మరింకేం బాధ?" అన్నవాడు. "ఎనిమిదా!" అని తిప్పి అనడం వల్ల ఆఖరి వరసలో వాళ్లకి అంకె రెండోసారి వినబడుతుంది, వాడ్‌విల్ నడిచిన కాలంలో చాలా ఏళ్లు మైకుల్లేవు. ఆ తర్వాత అతను కదలకూడదు. చెయ్యి తీసినా, తల తిప్పినా జనం చూపు అటు పోతుంది, జవాబు వృథా. హాస్యగాడి ముఖం వైపే చూస్తూ ఉండాలి, జనమూ అటే చూస్తారు.
నవ్వు మొదలయ్యాక తర్వాతి ప్రశ్న ఎప్పుడు వేయాలన్నది అసలు కష్టం. నవ్వు పైకి లేస్తుండగా వేస్తే ప్రశ్న వినబడదు, దానికి వచ్చే జవాబు అర్థం కాదు, రెండు నవ్వులు పోతాయి. పూర్తిగా ఆరిపోయాక వేస్తే మళ్లీ నిప్పు రాజేయాలి. దిగడం మొదలవగానే అందుకోవాలి. ఆ కొలత స్ట్రెయిట్ మ్యాన్ చేతిలోనే ఉంటుంది.

3వ జవాబు:
పై ఉదాహరణలో తెలుగు సంగతి ఒకటుంది, అనువాదం చేసేవారికి పనికొస్తుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "అంతా ఆఫీసులోనే పడుతోందండి" అని వ్యాకరణం ప్రకారం నింపితే "ఆఫీసులోనే" దగ్గర నవ్వు లేస్తుంది, "పడుతోందండి" దాని మీద పడి నొక్కేస్తుంది. క్రియని ముందు ప్రశ్నలోనే వాడేసి, జవాబులో వదిలేయాలి. "అండి" కూడా తీసేస్తే ఇంకా పదును.
పేర్ల దగ్గరా అంతే. వాడ్‌విల్ హాస్య జంట స్మిత్, డేల్‌ల ప్రసిద్ధ స్కెచ్‌లో (చిన్న హాస్య నాటికలో) డాక్టరు పేరు క్రాంక్‌హైట్. జర్మన్‌లో, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో ఆ మాటకి జబ్బు అని అర్థం. న్యూయార్క్ వలస జనానికి పేరు వినగానే నవ్వు. తెలుగులో క్రాంక్‌హైట్ అని అలాగే రాస్తే ఒట్టి పేరు మిగులుతుంది. "డాక్టర్ రోగేశ్వరరావు" అనేయండి.

1వ జవాబు ఇచ్చినవారు:
స్కెచ్‌కి "ప్రహసనం" హాయిగా నడుస్తుంది, కందుకూరి వారి కాలం నుంచీ ఉన్న మాట. అయితే ఇద్దరూ నిలబడి మాట్లాడుకునే అంశాన్ని ప్రహసనం అనకండి. స్కెచ్‌కి సామాను, గది అమరిక, రంగస్థలం లోతంతా కావాలి. జంట హాస్యానికి ముందు తెర ఎదుట కాస్త జాగా చాలు, దాన్ని వాడ్‌విల్ వాళ్లు "ఇన్ వన్" అనేవారు. తెర వెనక తర్వాతి అంశానికి బల్లలు, కుర్చీలు సర్దుతుంటే ముందు వీళ్లు నడిపేవారు. వెనక సుత్తి చప్పుడైతే ఆ జోకు పోయినట్టే. "తెర ముందు జంట" అంటే చాలు.

ప్రశ్న వేసినవారు:
సరే, వంత వదిలేశాను. మరి ఏ మాట?

2వ జవాబు ఇచ్చినవారు:
వాడ్‌విల్ లాంటిదే ఇంగ్లండు మ్యూజిక్ హాల్. అందులో స్ట్రెయిట్ మ్యాన్‌ని "ఫీడ్" అనేవారు, అందించేవాడని. మన ఊళ్లలో వాలీబాల్ ఆడేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు: లిఫ్టర్ బంతిని సరైన ఎత్తుకి లేపితేనే స్మాష్. ఆ పనికి "అందింపు", చేసేవాడికి "అందింపరి". నేర్పరి, కమ్మరి ఉన్నాయి కాబట్టి చెవికి కొత్తగా తగలదు. "అందింపుగాడు" కూడా తప్పు కాదు గానీ "గాడు" చేరిస్తే చిన్నచూపు ధ్వనిస్తుంది. ఈ పనికి అది అన్యాయం.

3వ జవాబు ఇచ్చినవారు:
మాట నిలుస్తుందో లేదో ఒక వాక్యంలో పెట్టి చూద్దాం. వాడ్‌విల్‌లో పేరుపడ్డ జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ జంటలో మొదట జోకులన్నీ బర్న్స్‌వి, ప్రశ్నలు ఆలెన్‌వి. జనం ఆమె ప్రశ్నలకే నవ్వుతున్నారని గమనించి అతను పాత్రలు తిరగేశాడు. ఇప్పుడు రాయండి: "హాస్యగాడిగా మొదలైన బర్న్స్ అందింపరి అయ్యాడు, జంట గెలిచింది." అదే వాక్యం "వంత"తో రాస్తే అతను ఓడి పక్కకి జరిగినట్టు ఉంటుంది.