నాలుగు కార్డ్‌లెస్ మైకులూ కలిపి ఆన్ చేస్తే గరగర. సాయంత్రం హరికథ ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి

పందిరి_కుర్రాడు · ఉదయం 10:52

నిన్నటి నుంచి తల బద్దలవుతోంది. నవమి పందిట్లో మూడు రోజుల హరికథ. నాలుగు మైకుల కార్డ్‌లెస్ సెట్టు కొన్నాం, రెండు చేతివి, రెండు కాలర్‌వి. మధ్యాహ్నం టెస్ట్ చేస్తే శుభ్రంగా ఉంది. సాయంత్రం జనం రాగానే ఒకటే ఫీడ్‌బ్యాక్. కథ మధ్యలో రెండుసార్లు మైకు తెగిపోయి దాసుగారు ఆగాల్సి వచ్చింది. ట్రెబుల్ మొత్తం తీసేశాను, గెయిన్ తగ్గించాను, స్క్వెల్చ్ నాబ్ (బలహీనమైన సిగ్నల్‌ని ఆపేది) చివరిదాకా తిప్పాను, సెల్స్ కొత్తవి వేశాను. రాత్రి 2 దాకా దీని ముందే కూర్చున్నా. ఇవాళ కథ 7 గంటలకి. సెట్టే పాడైందా? షాపులో అడిగితే మార్చడానికి వారం పడుతుందన్నారు.

డెసిబెల్ · 11:05

ఫీడ్‌బ్యాక్ అంటే ట్రెబుల్ తీసేయడం కాదండీ, ముందు బాక్సులు ఎక్కడున్నాయో చూడండి. కాలర్ మైకు ఎక్కువగా ఆమ్నీ రకం, అన్ని వైపుల నుంచీ ఒకేలా వింటుంది. బాక్సులు దాసుగారికి కనీసం రెండు మీటర్లు ముందు ఉండాలి, మూతి జనం వైపు ఉండాలి. మానిటర్ (దాసుగారి వైపు తిప్పిన బాక్సు) పెడితే తక్కువ వాల్యూమ్‌లోనే. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. అంతకంటే దూరమైతే గెయిన్ పెంచాల్సి వస్తుంది, పెంచగానే కూత. చేతి మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోనివ్వకండి, కార్డియాయిడ్ (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా వినే) మైకు కూడా ఆమ్నీలా మారిపోయి కూస్తుంది. ట్రెబుల్ మొత్తం తీసేస్తే మాటల్లో స, శ, చ లు పోతాయి. హరికథకి అవి పోతే ఏం మిగులుతుంది? ఏ ఫ్రీక్వెన్సీలో కూస్తోందో పట్టుకుని అక్కడ మాత్రమే 3 నుంచి 6 డీబీ తగ్గించండి.

ఆర్‌ఎఫ్_బార్ · 11:09

కూతా, గరగరా? స్టిక్కర్ మీద ఫ్రీక్వెన్సీ ఎంత రాసుంది? రిసీవర్ ఎక్కడ పెట్టారు?

పందిరి_కుర్రాడు · 11:20

రెండూ ఒకటే కదండీ? గరగర, మధ్యలో టపటప, తర్వాత కట్. ఒక్క మైకు ఆన్ చేస్తే ఏమీ లేదు. రెండు పెట్టినా ఫర్వాలేదు. మూడోది, నాలుగోది ఆన్ చేస్తేనే మొదలు. రిసీవర్ యాంప్లిఫయర్ ర్యాక్‌లో ఉంది, స్టేజీ కింద.

డెసిబెల్ · 11:24

అలాగైతే నేను పైన చెప్పింది మీ సమస్యకి పనికిరాదు. ఫీడ్‌బ్యాక్ అంటే బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకే పోయి ఒకే స్వరంలో కుయ్‌మని కూయడం. వాల్యూమ్ తగ్గిస్తే ఆగిపోతుంది. మీది ఇంటర్‌ఫియరెన్స్, అది రేడియో గొడవ. పేరు సరిగ్గా చెబితే సగం పని అప్పుడే అయ్యేది.

పాత_కోన్ · 11:31

పేరు దగ్గర అంత పట్టింపు ఎందుకు? పల్లెలో మైకు ఏ శబ్దం చేసినా ఫీడ్‌బ్యాకే అంటారు. కార్డ్‌లెస్ అన్న మాట కూడా తప్పేనంటారు కొందరు, వైర్‌లెస్ అనాలట. షాపుకెళ్ళి కార్డ్‌లెస్ అంటేనే ఇస్తారు. అతను గరగర అని చెప్పాడుగా, చాలు.

డెసిబెల్ · 11:35

పోస్టు లోపల ఫీడ్‌బ్యాక్ అనే రాశారండీ, అందుకే అరగంట పోయింది. కూతకి మందు బాక్సుల దగ్గర ఉంటుంది, గరగరకి మందు యాంటెనా దగ్గర ఉంటుంది. ఒకదాని మందు రెండోదానికి వేసి రాత్రి 2 దాకా కూర్చున్నారు ఆయన.

మూడో_తీగ · 11:48

గరగర సంగతి తర్వాత, ముందు ఎర్తింగ్ చూశారా? పందిరి కరెంటు ఎక్కడి నుంచి, జనరేటరా? మల్టీమీటర్ తీసుకుని సాకెట్‌లో మూడు చోట్ల కొలవండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 వోల్టులు దగ్గరగా, ఫేజుకీ ఎర్తుకీ కూడా అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. అక్కడ పదుల వోల్టులు చూపిస్తే ఎర్తు లేనట్టే. కాలర్ మైకు కట్టుకున్న దాసుగారికి తీగ తగలదు కాబట్టి ఆయన వరకు భయం తక్కువ. కానీ మృదంగానికీ వయొలిన్‌కీ తీగ మైకులే కదా? ఆ మైకు గొట్టం మిక్సర్ చాసిస్‌కి (ఇనప డబ్బాకి) కలిసే ఉంటుంది. హమ్ (బాక్సుల్లో వచ్చే గుంయ్‌మనే శబ్దం) పోవాలని యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. చాసిస్‌కి లీకేజీ వస్తే ఆ కరెంటు చేత్తో పట్టుకున్న మనిషిలోంచే భూమిలోకి పోతుంది. ఆ పిన్ను ఎప్పుడూ పీకకండి. మెయిన్‌లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే స్విచ్) పెట్టించండి. జనరేటర్ మీదైతే న్యూట్రల్‌ని ఫ్రేముకీ ఎర్తు రాడ్డుకీ కలపాలి, లేకపోతే ఆ ఆర్‌సీసీబీ మొదటి లీకేజీకి పడదు. మీటరు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

పందిరి_కుర్రాడు · 12:02

సరే అండీ, ఎలక్ట్రీషియన్‌కి చెప్తా. స్టిక్కర్ చూశా: 740-790 మెగాహెర్ట్జ్. డిస్‌ప్లేలో నాలుగు మైకులకీ 741, 743, 745, 747. వచ్చినప్పటి నుంచీ అవే. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంది, అది చెప్పలేదనుకుంటా.

ఆర్‌ఎఫ్_బార్ · 12:19

ఇది ముందే చెప్పుంటే పని 11 గంటలకే అయ్యేది. సెట్టు పాడవలేదు. ఇక్కడ రెండు సంగతులు కలిశాయి.

మొదటిది. నాలుగూ సమాన దూరంలో ఉన్నాయి, 2 మెగాహెర్ట్జ్ చొప్పున. రెండు ట్రాన్స్‌మిటర్లు (మైకుల్లో రేడియో సిగ్నల్ పంపే భాగాలు) దగ్గరగా ఉంటే వాటి నుంచి లేని ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. లెక్క: ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేయాలి. 743 రెండింతలు 1486, అందులోంచి 741 తీస్తే 745. సరిగ్గా మీ మూడో మైకు. 745 రెండింతల్లోంచి 743 తీస్తే 747, అది నాలుగోది. అందుకే రెండు మైకులదాకా బాగుండి మూడోదాని నుంచి గరగర.

రెండోది. దేశంలో 700 బ్యాండు ఫోన్లది. 703 నుంచి 748 దాకా ఫోను నుంచి టవర్‌కి వెళ్ళే దారి, 758 నుంచి 803 దాకా టవర్ నుంచి ఫోనుకి వచ్చే దారి. 2022 వేలంలో జియో ఈ బ్యాండు కొన్నాక 5జీ దీని మీద నడుస్తోంది, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ కూడా ఉంది. మీ నాలుగూ ఫోను దారిలోనే కూర్చున్నాయి. మధ్యాహ్నం పందిట్లో ఫోన్లు లేవు, సాయంత్రం వందలున్నాయి. ఫోను 200 మిల్లీవాట్ల దాకా వదులుతుంది, మీ మైకు వదిలేది పదో, ముప్ఫయ్యో.

ఇవాళ్టికి ఇలా చేయండి. 748కీ 758కీ మధ్య పది మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది, అటు దారీ కాదు, ఇటు దారీ కాదు. అందులో 750, 751, 754, 756 పెట్టండి. ఏ రెండింటి మధ్య దూరం చూసినా మరో రెండింటి మధ్య దూరంతో సమానం కాదు. అందుకని లెక్క వేస్తే వచ్చేవి మిగతావాటి మీద పడవు.

పెట్టేటప్పుడు మైకులన్నీ ఆఫ్ చేసి రిసీవర్ ఒక్కటే ఆన్ చేయండి. ఆర్‌ఎఫ్ బార్లు (రేడియో సిగ్నల్ బలం చూపే గీతలు) సున్నా ఉండాలి. మైకు లేకుండానే బార్ వెలిగితే అక్కడ ఎవరో ఉన్నట్టు, అర మెగాహెర్ట్జ్ జరపండి. జరిపాక ఆ లెక్క మళ్ళీ వేసుకోండి. తర్వాత ఒక్కొక్క మైకూ రిసీవర్ ముందు జానెడు దూరంలో పట్టుకుని సింక్ చేయండి (రిసీవర్ ఫ్రీక్వెన్సీని మైకులోకి పంపండి), మిగతా మైకుల పరారుణ కిటికీలు పక్కకి తిప్పి ఉంచాలి. నాలుగూ ఆన్ చేసి వరసగా ఒక్కొక్కటి మ్యూట్ చేస్తూ వినండి.

స్క్వెల్చ్ వెనక్కి తిప్పేయండి, మధ్యలో చాలు. అది గరగరని తీసేసే మందు కాదు, తలుపు. సిగ్నల్ బలహీనపడితే మూసేస్తుంది. చివరిదాకా పెంచారు కాబట్టే దాసుగారు రెండడుగులు వెనక్కి వేయగానే కట్ అయింది.

రిసీవర్‌ని ఆ ర్యాక్‌లోంచి తీయండి. ఇనప డబ్బా, పైన స్టేజీ చెక్కలు, ముందు మనుషులు. యాంటెనాలకి అంతకంటే పెద్ద శత్రువులు లేరు. స్టేజీ పక్కన స్టూలు మీద, కూర్చున్నవాళ్ళ తలల కంటే ఎత్తులో, మైకులు కనబడేలా పెట్టండి. యాంటెనాలు రెండూ చెరో వైపు వంచి వీ ఆకారంలో ఉంచండి. ఎల్‌ఈడీ వాల్‌కి కనీసం మూడు, నాలుగు మీటర్లు దూరం. దాని పవర్ సప్లైలు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ చెత్త వదులుతాయి. వాల్ ఆపి, ఆన్ చేసి బార్లు చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సెల్_బాక్స్ · 12:40

సెల్స్ కొత్తవన్నారు, ఏ రకం? రోజూ టార్చిలైట్‌లో వేసే జింక్ కార్బన్‌వి అయితే గంటన్నరకే వోల్టేజీ పడిపోతుంది. ఆల్కలైన్ వేయండి. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులే కాబట్టి మీటరు సగం చూపిస్తుంది, కంగారుపడకండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: 14500 అని రాసిన లిథియం సెల్ చూడ్డానికి ఏఏ సెల్‌లాగే ఉంటుంది, దూరుతుంది కూడా. అది 3.7 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. రెండు వేస్తే 3 వోల్టుల మైకుకి 8.4 అందుతుంది. మైకు అక్కడికక్కడే కాలిపోతుంది. కథ అయిపోయాక సెల్స్ తీసేయండి, కారితే స్ప్రింగులు తినేస్తుంది.

పందిరి_కుర్రాడు · 1:15

750, 751, 754, 756 పెట్టాను. నాలుగూ కలిపి ఆన్ చేసినా గరగర లేదు!! కానీ స్టేజీ పక్కన పెడితే రిసీవర్ నుంచి యాంప్లిఫయర్‌కి 20 మీటర్లు. యాంటెనాలు విప్పి కేబుల్‌తో పొడిగించొచ్చా? ఇంట్లో టీవీ డిష్ కేబుల్ చుట్ట ఉంది. ఇంకోటి, గరగర పోయింది కానీ దాసుగారి గొంతు పగిలినట్టుంది.

ఓమ్_75 · 1:22

డిష్ కేబుల్ 75 ఓమ్‌లు, మైకు యాంటెనాది 50. కలపకూడదు. 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 కొనండి.

ఆర్‌ఎఫ్_బార్ · 1:26

20 మీటర్ల ఆర్‌జీ-58లో ఈ ఫ్రీక్వెన్సీకి 8 డీబీ దాకా పోతుంది. ఆర్‌జీ-6 డిష్ కేబుల్‌లో 4 లోపే. 50కీ 75కీ తేడా వల్ల పోయేది ఒక డీబీ కూడా ఉండదు. డిష్ కేబులే నయం.

ఓమ్_75 · 1:33

మ్యాచింగ్ లేకపోతే, అంటే ఓమ్‌లు కలవకపోతే, సిగ్నల్ వెనక్కి కొడుతుంది. పుస్తకంలో ఉన్నది ఎందుకు ఉంది మరి?

ఆర్‌ఎఫ్_బార్ · 1:37

కొడుతుంది, 4 శాతం. అది ట్రాన్స్‌మిటర్ కాదు, వినే వైపు. అయినా ఏ కేబులూ వద్దు. ఆడియోనే పొడిగించండి. రిసీవర్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) అవుట్‌పుట్ ఉంటుంది, బ్యాలెన్స్‌డ్ కేబుల్ 50 మీటర్లు వేసినా ఇబ్బంది లేదు. మిక్సర్‌లో ఫాంటమ్ (తీగ మైకులకి మిక్సర్ పంపే) 48 వోల్టులు ఆ ఛానల్‌కి ఆఫ్ చేయండి, కొన్ని రిసీవర్లు దాన్ని తట్టుకోలేవు.

గొంతు పగలడం వేరే సంగతి. ప్రస్తుతం ఏ సాకెట్‌లో పెట్టారు?

పందిరి_కుర్రాడు · 1:44

రిసీవర్ పెద్ద జాక్ నుంచి యాంప్లిఫయర్ మైక్-1కి.

డెసిబెల్ · 1:49

అదే. పెద్ద జాక్ చాలా సెట్లలో లైన్ లెవెల్, అంటే ముందే పెంచిన బలమైన సిగ్నల్. మైక్ ఇన్‌పుట్ మిల్లీవోల్టుల కోసం ఉంటుంది, దానికి పదుల రెట్లు ఎక్కువ అందుతోంది. యాంప్లిఫయర్‌లో ఆక్స్ (లైన్ లెవెల్ తీసుకునే) సాకెట్‌కి మార్చండి, లేదా ఎక్స్‌ఎల్‌ఆర్‌ని మైక్‌కి పెట్టండి. ట్రాన్స్‌మిటర్ గెయిన్ కూడా చూడండి: దాసుగారు గట్టిగా పద్యం ఎత్తుకున్నప్పుడు ఏఎఫ్ మీటరు (శబ్దం స్థాయి చూపేది) ఎర్ర దీపం ఎప్పుడో ఒకసారి మెరవాలి, నిలబడిపోకూడదు.

కాలర్ మైకు ఎలా కడుతున్నారో కూడా చూడండి. పూలదండ వేశాకే పెట్టాలి, ముందు పెడితే ప్రతి కదలికకీ దండ రాసుకుని చరచరమంటుంది. కండువా అంచుకి, చిడతల చేయి రాని వైపు. క్లిప్పు దగ్గర వైరు బొటనవేలంత చుట్ట చుట్టి క్లిప్పులోనే ఇరికిస్తే లాగినప్పుడు శబ్దం రాదు. ప్యాక్ (కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్ డబ్బా) నడుముకి వెనక, యాంటెనా మడవకుండా కిందికి వేలాడాలి. ఆయన చెమటకి ప్యాక్ తడుస్తుంది, పలచని నూలు సంచిలో పెట్టి కట్టండి. గంతులేసి కథ చెప్పేవారికి అసలైతే హెడ్‌సెట్ మైకు మంచిది, పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా.

పాత_కోన్ · 2:10

ఆన్ చేసే వరస కూడా రాసుకో తమ్ముడూ. ఫేడర్లు కిందకి, మైకు ఆన్, రిసీవర్ ఆన్, చివర్న యాంప్లిఫయర్. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు. తిరగేస్తే డప్‌మని కొట్టి ట్వీటర్లు పోతాయి. సాయంత్రం జనం వచ్చాక ఒక మైకు పట్టుకుని పందిరి చివరిదాకా నడిచి చూడు, మిగతా మూడూ ఆన్‌లోనే ఉంచి. ఖాళీ పందిట్లో చేసిన టెస్ట్ లెక్కలోకి రాదు.

డల్లాస్_ఉగాది · 2:31

ఇక్కడ తెలుగు సంఘం ఉగాదికి ఇలాంటి సెట్టే ఇండియా నుంచి తెప్పిద్దామనుకుంటున్నాం. 600 నుంచి 650 బ్యాండుది. పనికొస్తుందా?

ఆర్‌ఎఫ్_బార్ · 2:38

వద్దు. అమెరికాలో 617 నుంచి 698 దాకా మొబైల్ కంపెనీలది. మధ్యలో మైకులకి వదిలిన సన్న సందు తప్ప, 2020 జూలై 13 తర్వాత అక్కడ మైకులు వాడటం చట్టవిరుద్ధం. 470-608 మధ్యది అక్కడే కొనండి. కుర్రాడు గారు, మీరు కూడా వచ్చే ఏడు సెట్టు మారిస్తే 470-600 మధ్యది చూడండి. 740-790 సెట్టుకి ఆ పది మెగాహెర్ట్జ్ తప్ప దారి లేదు.

ఓమ్_75 · 3:05

4 శాతం అన్నది ఒక చివర మాత్రమే. కేబుల్‌కి రెండో చివర కూడా ఉంటుంది కదా, అక్కడ?

పందిరి_కుర్రాడు · రాత్రి 10:47

కథ అయిపోయింది, ఎక్కడా ఆగలేదు. ఆక్స్‌లో పెట్టాక గొంతు బాగుంది. థాంక్సండీ అందరికీ. నాలుగో మైకు చివరి వరసలో ఇంకా కొంచెం టపటపమంటోంది, రేపు చూస్తా.

మూడో_తీగ · రాత్రి 10:58

న్యూట్రల్‌కీ ఎర్తుకీ ఎంత వచ్చింది?