జాంబియా రాగినే నమ్ముకోవాలా, వేరే ఎగుమతులు పెంచుకోవాలా?

కొలిమి:
జాంబియా ఎగుమతుల ఆదాయంలో సుమారు 70 శాతం రాగిదే. 1970ల నడుమ రాగి ధర కూలి దేశం అప్పుల్లో పడింది. 2020 నవంబరులో బాండ్ల మీద 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. అయినా ఎలక్ట్రిక్ కార్లకు, కరెంటు లైన్లకు రాగి కావలసిన కాలమిది. చేతిలో ఉన్నది వదిలేసి పూలూ పత్తీ అమ్ముకోమంటే ఎలా? రాగిని పలకలుగా పంపడం మాని తీగలు, కేబుళ్లు చేసి పంపాలి.

పత్తిచేను:
కొలిమి గారూ, తీగ ధరలో సింహభాగం అందులోని రాగిదే. రాగి పడితే తీగా పడుతుంది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. 2005-06లో రాగి ధర ఎగిసింది, విదేశీ అప్పులు మాఫీ అయ్యాయి, జాంబియా కరెన్సీ క్వాచా విలువ అమాంతం పెరిగింది. పత్తి అమ్ముడయ్యేది డాలర్లలో. అవే డాలర్లకు తక్కువ క్వాచాలు వస్తుంటే తూర్పు ప్రావిన్సులో పత్తి వేసిన రైతుకు ముట్టేది తగ్గిపోయింది. రాగి బాగున్న ఏడాదే మిగతా సరుకులు చితికిపోతున్నాయండీ! ఆ తర్వాత "అక్కడ రాగి తప్ప ఏదీ నిలవదు" అని మనమే తీర్పు చెప్పేస్తాం.

కొలిమి:
క్వాచా సంగతి ఒప్పుకుంటాను. కానీ చిలీ ఎగుమతుల్లో ఇప్పటికీ దాదాపు సగం రాగే కదా?

పత్తిచేను:
మిగతా సగం కూడా చూడండి: పళ్లు, వైన్, సాల్మన్ చేపలు. సాల్మన్ అక్కడి నీళ్లలో పుట్టిన చేపే కాదు. 1976లో పెట్టిన ఫుందసియోన్ చిలే అనే సంస్థ దాని పెంపకానికి దారి వేసింది. ఇప్పుడు సాల్మన్ పెంపకంలో నార్వే తర్వాత చిలీయే. రాగి బాగా పలికినప్పుడు వచ్చినదంతా ఖర్చు చేసేయకూడదని 2001లో బడ్జెట్‌కు ఒక నియమం కూడా పెట్టుకున్నారు. రాగిని వదలమని నేనూ అనడం లేదు, రాగి డబ్బు మిగతా సరుకుల్ని ముంచకుండా చూడమంటున్నాను.

బాటసారి:
మొక్కజొన్న మాట ఎవరూ ఎత్తలేదేం? పక్కనే కాంగో ఉంది, కొంటుంది. కానీ దేశంలో గింజలు చాలవేమోనన్న భయం వస్తే చాలు, ప్రభుత్వం ఎగుమతి ఆపేస్తుంది. ఆ భయం ఉత్తది కాదు, 2024 కరువు ఎంత పని చేసిందో తెలుసు. అయినా సరిహద్దు ఎప్పుడు మూస్తారో తెలియనప్పుడు అమ్మకానికని పంట పెంచేదెవరు, గోదాములు కట్టేదెవరు? ఇది తేలకుండా తీగలా పూలా అని ఎంత వాదించుకున్నా ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.